సైకిల్ మీద పోతుంటే హారన్లు, తిట్లు, మీదికొచ్చే బండ్లు: నంద్యాల రోడ్డు వాళ్లు ఎట్ల నెట్టుకొస్తున్నారు?

సీక్యాంపు_సైకిల్:
అన్నలకు, అక్కలకు నమస్తే. కర్నూలు సి.క్యాంపు నుంచి నంద్యాల చెక్‌పోస్టు వైపు రోజూ పనికి సైకిల్ మీదే. ఆదివారం పొద్దున ఓర్వకల్లు రాక్ గార్డెన్ దాకా. బండి హైబ్రిడ్, 35 మి.మీ. టైర్లు, వెనక చిన్న ఎర్ర లైటు, నెత్తిన హెల్మెట్. గుంతలతో సమస్య లేదు, మనుషులతోనే. ఊళ్లో బైకులు, ఆటోలు మోచెయ్యి తగిలేంత దగ్గరగా దూరిపోతాయి. హైవే ఎక్కితే లారీలు, బస్సులు హారన్ మీద చెయ్యి తీయవు. తారు అంచున (తెల్లగీతకు ఎడమ పక్కనుండే తారు పట్టీ) పోదామంటే రాంగ్ రూట్‌లో ఎదురొచ్చేవాళ్లు, పైగా తిట్టేది వాళ్లే. అన్నిటికన్నా చికాకు బైకు మీద ముగ్గురెక్కి పక్కకొచ్చి అరిచి, వీపు మీద చరిచి పోయే పిల్లగాళ్లు.

అడిగేది ఇదీ: ఎడమకు ఎంత ఒదగాలి? తిరిగి మాట అనాలా, ఊరుకోవాలా? స్టేషన్‌కు పోతే ఏ సెక్షన్, ఏం ఆధారం కావాలి? కెమెరా కొంటే పనికొస్తుందా? "సైకిల్ మానుకో" అనే సలహా ఇంట్లోనే రోజూ దొరుకుతోంది, అది వద్దు.

హంద్రీ_గట్టు:
ముందు ఎడమ అంచు సంగతి. హైవే వరుస వెడల్పు 3.5 మీటర్లు. లారీ, బస్సు 2.6 మీటర్ల దాకా ఉంటాయి, అద్దాలు కాక. మిగిలేది 90 సెంటీమీటర్లు. అందులో సైకిల్ హ్యాండిలే 60 సెంటీమీటర్లు. ఎవరెంత ఒదిగినా ఒకే వరుసలో రెండూ పట్టవు. కానీ తెల్లగీత పట్టుకుని పోతుంటే వెనకున్న డ్రైవరుకు పడతాయనే అనిపిస్తుంది, స్టీరింగు తిప్పకుండా అట్లే వచ్చేస్తాడు. గీత నుంచి మీటరు కుడికి జరిగి వరుసలో ఉంటే పక్క వరుసలోకి పోక తప్పదని దూరం నుంచే తెలుస్తుంది.

అట్లని హైవే మీద ఎప్పుడూ వరుసలోనే పొమ్మని కాదు. తారు అంచు బాగున్నంత సేపు దాని మీదే, గీతకు అర మీటరు ఎడంగా. అంచు మాయమయ్యే చోట్లు ముందే తెలిసి ఉండాలి: వంతెనలు, కల్వర్టులు, బస్సులు ఆగే చోట్లు, సర్వీసు రోడ్డు వచ్చి కలిసే మూతులు. అక్కడికి 40, 50 మీటర్ల ముందే అద్దంలో చూసి, కుడి చెయ్యి చాపి, ఖాళీ దొరికినప్పుడు వరుసలోకి రావాలి. ఖాళీ దొరకకపోతే ఆగాలి. వంతెన గోడ దాకా పోయి చివరి క్షణంలో లోపలికి తిప్పితే వెనకోడు తిడతాడు. ఆ తిట్టులో కొంత న్యాయం ఉంది.

రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే బైకుకు ఎటు తప్పుకోవాలనే దాంట్లో చాలామంది గందరగోళపడతారు. ఎడమనే ఉండి నెమ్మదించండి, అవసరమైతే కాలు కింద పెట్టి ఆగండి. వాణ్ణి మీ కుడి పక్కనుంచి, అంటే లారీల వైపు నుంచి పోనివ్వాలి. ఎందుకంటే వచ్చే లారీలు వాడి కళ్ల ముందే ఉంటాయి, మీకు మాత్రం వీపు వెనక. "నువ్వే తప్పుకో" అని చెయ్యి ఊపినా మీరు కుడికి పోవద్దు.

ఊళ్లో ఆటోలకు బ్రేకు లైటును నమ్ముకోవద్దు. రోడ్డు పక్కన మనిషి చెయ్యెత్తడం, ఆటో డ్రైవరు తల అటు తిరగడం, ఈ రెండూ కనపడితే రెండు సెకన్లలో బండి ఆగుతుంది. ఆగిన ఆటోకు ఎడమనుంచి దూరొద్దు, జనం దిగేది అటే. నిలిపి ఉన్న కార్ల వరసకు మీటరు దూరం, తలుపు తెరిస్తే తగలనంత.

పది_టైర్లు:
తమ్ముడూ, స్టీరింగ్ వైపు నుంచి కూడా కాస్త వినాలి. హారన్ అంతా తిట్టు కాదు. దూరం నుంచి రెండు పొట్టి హారన్లంటే "వస్తున్నా, అట్లే ఉండు" అని. దగ్గరికొచ్చి ఆపకుండా కొట్టేవాడిది పొగరు, దాన్ని సమర్థించను. లారీ 60లో, సైకిల్ 20లో ఉంటే సెకనుకు 11 మీటర్ల చొప్పున దగ్గరవుతుంది. వంద మీటర్ల దూరంలో హారన్ కొట్టాడంటే మీకు తొమ్మిది సెకన్లున్నాయి. ఆ తొమ్మిది సెకన్లు గీత గీసినట్టు నేరుగా పోండి, కుడి చెయ్యి ఒకసారి కొంచెం పైకెత్తండి. విన్నాడని తెలిస్తే చాలామంది హారన్ ఆపేస్తారు. విన్నాడో లేదో తెలియకపోతేనే ఇంకా గట్టిగా కొడతారు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నోళ్ల దగ్గర జరిగేది ఇదే.

డ్రైవరుకు భయం పుట్టించేది సైకిల్ కాదు, సైకిల్ ఊగడం. హారన్ విని ఒళ్లంతా తిప్పి వెనక్కి చూస్తారు. తల కుడికి తిరిగితే హ్యాండిల్ కూడా అర మీటరు కుడికి వస్తుంది. ఖాళీ మైదానంలో ఒక తెల్లగీత మీద పోతూ, భుజం కదలకుండా గడ్డం మాత్రం తిప్పి చూడడం సాధన చేయండి.

లోడు బండి ఎందుకు నెమ్మదించదో కూడా తెలుసుకోవాలి. పది టైర్ల లారీ లోడుతో 28 టన్నుల దాకా ఉంటుంది. ఎత్తు మీద ఒకసారి వేగం పడిపోతే కింది గేర్లకు దిగి పాకాల్సిందే. అందుకే నాపరాళ్ల లారీ, సిమెంటు లారీ ఎత్తులో మీ వెనక ఆగడానికి ఇష్టపడవు. అక్కడ వెనక లోడు బండి కనిపిస్తే, చోటుంటే తారు అంచులోకి జరిగి పోనివ్వండి. ఓడిపోయినట్టేం కాదు.

ఎప్పుడూ చేయకూడనిది ఒకటి. సిగ్నల్ దగ్గర, సర్కిల్ దగ్గర ఆగిన లారీకి, బస్సుకు ఎడమ పక్కన చేరొద్దు. ముందు ఎడమ మూలలో రెండు మీటర్ల లోపు సైకిల్ ఉంటే క్యాబిన్ నుంచి కనపడదు. ఎడమకు తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. అద్దంలో డ్రైవరు మొహం మీకు కనపడకపోతే మీరూ వాడికి కనపడనట్టే.

ఇంకోటి, గాలి. ఆషాఢంలో ఇక్కడ నైరుతి గాలి గట్టిగా కొడుతుంది. ఓర్వకల్లు వైపు పోతుంటే అది కుడి పక్కనుంచి తగులుతుంది కాబట్టి తెలియకుండానే ఒళ్లు కుడికి వాలి ఉంటుంది. లారీ పక్కకొచ్చి గాలిని అడ్డేసిన క్షణంలో సైకిల్ లారీ వైపే పడబోతుంది. హ్యాండిల్ బిగపట్టకుండా, మోచేతులు వంచి, ఒళ్లు కిందికి దించి ఉంటే తట్టుకోవచ్చు. లారీ తోక దాటగానే గాలి మళ్లీ ఎడమకు తోస్తుంది, దానికీ సిద్ధంగా ఉండాలి.

స్పోక్_కీ:
సామాను గురించి.

అద్దం మొదటి ఖర్చు, కెమెరా కాదు. హ్యాండిల్ కుడి కొసకు బిగించే గుండ్రటి కుంభాకారపు అద్దం, 7 నుంచి 8 సెంటీమీటర్లది. చిన్నది కొంటే అదురులో ఏమీ కనపడదు. ఇందులో బండ్లు ఉన్నదానికంటే దూరంగా కనపడతాయి. అద్దంలో లారీ ముందు గ్రిల్ విడిగా గుర్తుపట్టగలిగితే అది దగ్గరికి వచ్చేసినట్టే లెక్క. కాస్త డబ్బు పెట్టగలిగితే గార్మిన్ వారియా రాడార్ లైటు 140 మీటర్ల దూరం నుంచి వెనక బండిని పట్టి చెప్తుంది. హైవే మీద చాలా బాగుంటుంది, ఊళ్లో రాజ్‌విహార్ రద్దీలో ఊరికే మోగుతుంది.

వెనక లైటు సీటు పోస్టుకు, నేలకు సమాంతరంగా. ఎక్కువమంది లైట్లు తారును చూస్తుంటాయి, లేదా సంచి కింద దాక్కుంటాయి. పగలు మినుకుమినుకుమనేది, కనీసం 100 ల్యూమెన్లు. రాత్రి ఒకటి నిలకడగా, ఒకటి మినుకుతూ. మినుకేది ఒక్కటే ఉంటే దూరం అంచనా వేయడం వెనకోడికి కష్టం. చీలమండలకు రిఫ్లెక్టర్ పట్టీలు కట్టండి, పైకీ కిందికీ ఆడుతుంటే అది మనిషి కాలని ఇట్టే తెలుస్తుంది. పొద్దున ఆరు, ఏడు గంటలకు ఓర్వకల్లు వైపు పోతే వెనక వచ్చే డ్రైవర్లందరి కళ్లలో సూర్యుడే. వాళ్ల దగ్గరితనం కోపం కాకపోవచ్చు, మీరు కనపడకపోవడం కావచ్చు. ఆ గంటలో లైటు తప్పనిసరి.

మెరిసే పచ్చ జాకెట్ మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. బ్రిటన్‌లో ఇయాన్ వాకర్ అనే పరిశోధకుడి బృందం ఏడు రకాల దుస్తులేసి, దాటే బండ్లు ఎంత దూరం వదిలాయో కొలిచి 2013లో బయటపెట్టింది. తేడా తెచ్చింది ఒక్కటే, పోలీసు అన్న మాట, వీడియో తీస్తున్నామన్న మాట ఉన్న జాకెట్. జాకెట్ కనపడడానికి పనికొస్తుంది, దూరం వదిలించడానికి కాదు. ఇక్కడ వీపు మీద "కెమెరా ఆన్‌లో ఉంది" అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించుకోవచ్చు. పోలీసు అని మాత్రం రాయించుకోవద్దు, కొత్త కేసు మీ మీదే అవుతుంది.

రోడ్డు దిగాల్సి వస్తే ఎట్ల దిగాలో, అంతకన్నా ఎట్ల ఎక్కాలో తెలియాలి. లారీ తోసుకొచ్చినప్పుడు తారు మీదనుంచి మట్టిలోకి దిగడం పెద్ద ప్రమాదం కాదు: హ్యాండిల్ నేరుగా, ఒంటి బరువు వెనక్కి, ముందు బ్రేకు ముట్టొద్దు, వెనక బ్రేకుతో మెల్లగా. పడేది తిరిగి ఎక్కేటప్పుడు. తారుకు, మట్టికి మధ్య మూడు, నాలుగు సెంటీమీటర్ల మెట్టు ఉంటుంది. కంగారులో ఆ మెట్టు పక్కనే పోతూ హ్యాండిల్ కొంచెం కుడికి తిప్పుతారు. ముందు టైరు పక్కభాగం మెట్టుకు రాసుకుంటూ పోతుంది కానీ పైకెక్కదు. చక్రం అక్కడే ఉంటుంది, ఒళ్లు కుడికి పడుతుంది, అదీ లారీ వరుసలోకి. అందుకే మట్టిలోనే ఆగండి, వెనక ఖాళీ చూసుకోండి, మెట్టుకు కనీసం 45 డిగ్రీల కోణంలో వచ్చి ఎక్కండి. వేగం తక్కువైతే దిగి ఎత్తి పెట్టుకోండి. 35 మి.మీ. టైరులో 70 కిలోల మనిషికి 50 పీఎస్‌ఐ గాలి చాలు. 80 కొట్టించుకుంటే గులకరాళ్ల మీద బంతిలా ఎగురుతుంది.

కెమెరా కొంటే 1080పీ వీడియో సెకనుకు 60 ఫ్రేములు, లూప్ రికార్డింగ్ (కార్డు నిండితే పాతదాని మీదే కొత్తది రికార్డయ్యేది) పెట్టండి. రాత్రి ఏ కెమెరాలోనూ నంబరు ప్లేటు సరిగా పడదు, హెడ్‌లైటు వెలుగులో తెల్లగా అయిపోతుంది. కాబట్టి బండి దాటగానే నంబరు, రంగు, ఎటు పోయిందీ గట్టిగా పైకి చెప్పండి, మైకులో పడుతుంది. కెమెరా లేనివాళ్లకు ఫోను వాయిస్ రికార్డరైనా ఇదే పని చేస్తుంది. నంబరు మొత్తం కావాలి. 2019లో రాష్ట్రమంతటికీ ఒకటే ఏపీ 39 సిరీస్ వచ్చింది కాబట్టి, ఏపీ 21 అంటే కర్నూలు బండి అని పోల్చుకునే రోజులు పోయాయి.

హంద్రీ_గట్టు:
పది_టైర్లు అన్న చెప్పిన "జరిగి పోనివ్వండి"తో సగమే ఒప్పుకుంటా. అంచు ఖాళీగా, గట్టిగా ఉంటేనే. కంకర, గాజు పెంకులు ఉంటే జరగొద్దు, వరుసలో మీ చోట మీరు ఉండి వెనకోడే నెమ్మదించేలా చూసుకోండి. ప్రతి హారన్‌కూ మట్టిలోకి దిగడం అలవాటైతే రోజుకు పదిసార్లు ఆ మెట్టు ఎక్కాలి.

పది_టైర్లు:
అది నిజమే. నేనన్నది ఎత్తు మీద, బాగున్న అంచు గురించే.

నల్లకోటు:
సెక్షన్ల సంగతి. సైకిల్‌ను దాటేటప్పుడు ఎన్ని మీటర్లు వదలాలన్న అంకె మన మోటారు వాహనాల చట్టంలో లేదు. (బ్రిటన్ హైవే కోడ్‌లో 2022 నుంచి గంటకు 30 మైళ్ల వేగం వరకు కనీసం 1.5 మీటర్లు, జర్మనీలో 2020 నుంచి ఊళ్లో 1.5, ఊరి బయట 2 మీటర్లు.) కాబట్టి "మీటరు లోపల దాటాడు" అని మాత్రమే రాస్తే ఫిర్యాదు నిలవదు. ప్రమాదకరంగా నడిపాడని చూపించాలి.

తగలకపోయినా ప్రాణానికి ముప్పు తెచ్చేలా నడిపితే మోటారు వాహనాల చట్టం 184: మొదటిసారికి 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది జైలు, లేదా రెండూ. దాంతోపాటు భారతీయ న్యాయ సంహిత 281, నిర్లక్ష్యంగా బండి నడపడం. ఇది పోలీసులు నేరుగా కేసు కట్టగలిగే నేరం. దెబ్బ తగిలితే 125 కూడా. బండి అడ్డం పెట్టి కదలనివ్వకపోతే 126(2). చేత్తో కొట్టడం 115(2), కానీ ఇది మేజిస్ట్రేటు అనుమతి లేకుండా దర్యాప్తు చేయలేని నేరం. రాసుకుని కాగితం ఇచ్చి కోర్టుకు పొమ్మంటారు. వీపు మీద చరిస్తే దీన్నొక్కదాన్నే పట్టుకోకండి. నడుస్తున్న సైకిల్ మీదున్న మనిషిని బండి మీదనుంచి చరచడం అంటే పడేసే పనే. బండి నడిపిన తీరు కలిపి రాస్తే 281, 125 వస్తాయి.

ఫిర్యాదులో తేదీ, నిమిషాలతో సహా టైము, రోడ్డు ఏ పక్క, ఎటు పోతూ, దగ్గరున్న కిలోమీటరు రాయి లేదా బంకు, బండి రకం, రంగు, నంబరు, అది ఏం చేసింది, మీరు ఏం చేశారు. "దౌర్జన్యంగా ప్రవర్తించాడు" లాంటి మాటలు వద్దు. "నా హ్యాండిల్ కుడి కొసకు జానెడు దూరంలో దాటి, వెంటనే ఎడమకు కోసి బ్రేకు వేశాడు" అని రాయండి. నంబరుంటే నడిపింది ఎవరో మీరు కనుక్కోనక్కర్లేదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 133 ప్రకారం పోలీసులు అడిగితే ఆ టైములో ఎవరు నడిపారో యజమాని చెప్పి తీరాలి.

వీడియోను కత్తిరించొద్దు, వాట్సాప్‌లో పంపిన కాపీ ఇవ్వొద్దు. ఒరిజినల్ ఫైలు కార్డులోనే ఉంచి, కార్డు తీసి పక్కన పెట్టండి. కోర్టుకు పోతే భారతీయ సాక్ష్య అధినియమ్ 63 కింద సర్టిఫికెట్ కావాలి, దానికి ఫైలు మారకుండా ఉండాలి. కెమెరా లేకపోతే దారిలోని షాపుల సీసీ కెమెరాలు చూడండి, కానీ పాతవాటి మీదే కొత్తవి రికార్డవుతుంటాయి కాబట్టి ఆ వారంలోనే అడగాలి.

తుంగభద్ర వంతెన దాటితే తెలంగాణ. అలంపూర్ వైపు జరిగినా ఫిర్యాదు కర్నూలులో తీసుకోవాల్సిందే, జీరో ఎఫ్‌ఐఆర్‌గా. నాగరిక్ సురక్షా సంహిత 173 ఆ హక్కు ఇస్తోంది. స్టేషన్‌లో తీసుకోకపోతే అదే సెక్షన్ కింద ఎస్పీకి పోస్టులో పంపొచ్చు. స్పీడ్ పోస్టు రసీదు దాచుకోండి.

గుద్ది పోతే ముందు ఆసుపత్రి, అక్కడ మెడికో లీగల్ కేసుగా (పోలీసులకు తెలిపే గాయం కేసుగా) రాయించడం మర్చిపోవద్దు. నష్టపరిహారం దరఖాస్తుకు చట్టంలో ఆరు నెలల గడువుంది. ఏ బండో తెలియకపోతే హిట్ అండ్ రన్ పథకం కింద తీవ్ర గాయానికి 50,000, మరణానికి 2 లక్షలు.

సీక్యాంపు_సైకిల్:
నల్లకోటు గారూ, అందరికీ దండాలు. ఒక్క అనుమానం. ఆ ముగ్గురెక్కిన బైకు పిల్లగాళ్లు పక్కనే వేగం కలుపుకుని వస్తున్నప్పుడు ఆ క్షణంలో ఏం చేయాలి? వేగం పెంచాలా?

తెల్లారి_చక్రం:
వేగం పెంచొద్దన్నా, వాళ్లకు కావాల్సింది పోటీయే. రెండు చేతులూ హ్యాండిల్ మీద, వేళ్లు బ్రేకుల మీద, మోచేతులు కొంచెం బయటికి. తొక్కడం ఆపి, ఒక్కసారిగా కాకుండా మెల్లగా వేగం తగ్గించండి. బైకు అంత నెమ్మదిగా పక్కనే పోవడం కష్టం, ముందుకు పోక తప్పదు. ముందుకు పోగానే నంబరు కనపడుతుంది, పైకి చదవండి. మొహాలు చూడొద్దు, మాట అనొద్దు. "ఏందిరా" అంటే మీరు ఆగినట్టే, వాళ్లు ముగ్గురు.

వెనక్కి తిరిగి మళ్లీ వస్తే అప్పుడు ఆగాలి, కానీ ఎక్కడపడితే అక్కడ కాదు. పెట్రోలు బంకు, టీ కొట్టు, టోల్ గేటు. నిర్మానుష్యంగా ఉన్న పక్కరోడ్డులోకి, పొలాల దారిలోకి తిప్పొద్దు. మీ దారిలో మనుషులుండే చోట్లు ఎక్కడెక్కడున్నాయో ముందే చూసి పెట్టుకోండి, తెల్లవారుజామున ఏవి తెరిచి ఉంటాయో కూడా. ఆగాక సైకిల్‌ను మీకూ వాళ్లకూ మధ్య అడ్డంగా నిలబెట్టి 112కు ఫోన్ చేయండి. వాళ్ల ముందే నంబరు, చోటు గట్టిగా చెప్తే సగంమంది అప్పుడే కదులుతారు. ఆడవాళ్లకు 181 కూడా ఉంది, కానీ ఆ నిమిషంలో 112నే. ఫోను సంచి అడుగున కాదు, జేబులో ఉండాలి. భుజం సంచి వద్దు, పట్టుకుని లాగితే మనిషే పడతారు. వెనక క్యారియరుకు కట్టేయండి.

ఇద్దరు కలిసి పోతుంటే పక్కపక్కన కాకుండా వెనకా ముందూ, మూడు సైకిళ్ల దూరంలో. వెనకోళ్ల దగ్గర కెమెరా ఉండాలి. ముందోళ్ల మీదికి ఎవరొచ్చినా అందులో పడతారు.